బేరియాట్రిక్ సర్జరీ అయినవాళ్ళకి కళ్ళు తిరిగాయని వెంటనే గ్లూకోజ్ నీళ్ళు తాగించకండి

నమస్తే అండి. బరువు తగ్గే ఆపరేషన్ అయిన మనిషి భోంచేసిన పావుగంటకి ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, మంచం మీద వాలిపోయారనుకోండి. ఇంట్లో వెంటనే ఇద్దరు డాక్టర్లు తయారవుతారు. ఒకరు "గ్యాస్ పట్టింది, ఈనో కలపండి" అంటారు. రెండోవారు "నీరసం, గ్లూకోజ్ నీళ్ళు పట్టండి" అంటారు. మొదటివారితో నాకు పెద్ద పేచీ లేదు. ఈ వీడియో అంతా రెండోవారితోనే.

ఎవరు చేయించుకోవాలి, ఖర్చెంత, ఎన్ని కిలోలు తగ్గుతారు లాంటివి ఇందులో ఉండవు. ఆపరేషన్ అయిపోయింది, బరువు తగ్గుతోంది, తిండి దగ్గర మాత్రం తేడా కొడుతోంది. అలాంటివాళ్ళ కోసం, వాళ్ళకి వండిపెట్టేవాళ్ళ కోసం ఇది.

ఊరి చెరువుని ఒకసారి తలుచుకోండి. వాన ఎంత పడ్డా నీళ్ళు ముందు చెరువులో నిలుస్తాయి. కట్ట కింద తూము ఉంటుంది. దాన్ని ఎంత ఎత్తితే అంత నీరే ఆయకట్టుకి పారుతుంది. కడుపే చెరువు, చిన్నపేగు ఆయకట్టు, రెండింటి మధ్య పైలోరస్ అనే కండరం తూము. ఇది మహా పిసినారి తూము. తిన్నది ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యేదాకా గట్టి పదార్థాన్ని దాదాపు కదలనివ్వదు. అందుకే మామూలు మనిషికి ఒక భోజనం కడుపులోంచి పూర్తిగా దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది.

గ్యాస్ట్రిక్ బైపాస్ అనే రకం ఆపరేషన్‌లో కడుపు పైన సుమారు 30 మిల్లీలీటర్ల సంచి మిగులుస్తారు, అంటే రెండు టేబుల్ స్పూన్లు. దాన్ని తీసుకెళ్ళి నేరుగా చిన్నపేగుకి కుడతారు. చెరువు పక్కకి పోయింది, తూమూ పక్కకి పోయింది, ఆయకట్టులో మొదటి మడి కూడా పోయింది. ఇక పడిన వాన పడినట్టే పొలంలోకి. 1966లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్ ఈ ఆపరేషన్ మొదలుపెట్టాక పద్ధతులు చాలా మారాయి, తూముని దాటేయడం మాత్రం మారలేదు. మన దగ్గర బాగా చేసే మినీ బైపాస్‌లోనూ అంతే.

స్లీవ్ అనే రెండో రకం ఆపరేషన్ సంగతి వేరు. అందులో ముప్పాతిక చెరువు కోసి తీసేస్తారు, తూముని ముట్టుకోరు. అందుకే ఈ బాధ స్లీవ్ వాళ్ళలో తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు. సన్నటి గొట్టంలా మిగిలిన కడుపులో ఒత్తిడి పెరిగి, తూముని తోసుకుంటూ తిండి త్వరగా దిగిపోతుంది.

ఇప్పుడు ఆ పావుగంట దగ్గరికి వద్దాం. పొలంలోకి నీళ్ళు ఒక్కసారే వచ్చి పడ్డాయి, అది ఒక కష్టం. ఆ నీళ్ళలో యూరియా బస్తా మొత్తం గుమ్మరించి ఉంటే? పైరు మాడిపోతుంది. ఎందుకో రైతులకి చెప్పక్కర్లేదు, చిక్కటి యూరియా నీరు వేళ్ళలో ఉన్న తడిని బయటికి లాగేస్తుంది. పేగులో చక్కెర చేసే పనీ అదే. చిక్కటి తీపి ఒక్కసారిగా చిన్నపేగులో పడితే, రక్తంలోని నీరు పేగులోకి వచ్చేస్తుంది. రక్తనాళాల్లో నీరు తగ్గింది కాబట్టి బీపీ జారుతుంది, గుండె పరిగెడుతుంది, కళ్ళు తిరుగుతాయి. పేగు ఉబ్బింది కాబట్టి మెలిపెట్టే నొప్పి, గుడగుడలు, ఆ వెంటనే విరేచనం. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో మొదలవుతుంది, గంట దాటి మొదలవడం అరుదు. దీన్ని ఎర్లీ డంపింగ్ అంటారు.

ఆ నిమిషంలో వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ తక్కువ ఉండదు, పైకి పోతూ ఉంటుంది. ఇప్పుడు మీరు గ్లాసుడు గ్లూకోజ్ నీళ్ళు ఇచ్చారంటే, మునిగిన పొలంలో ఇంకో యూరియా బస్తా విప్పినట్టే.

మరి ఏం చెయ్యాలి? తినడం ఆపి, అరగంట వెల్లకిలా పడుకోబెట్టండి. పడుకుంటే తిండి కిందికి జారే వేగం తగ్గుతుంది, తలకి రక్తమూ అందుతుంది. స్లీవ్ అయ్యి గుండెల్లో మంట కూడా ఉన్నవాళ్ళు పూర్తిగా పడుకోకుండా తల వైపు ఎత్తు పెట్టుకోవాలి. కాస్త తేరుకున్నాక మంచినీళ్ళు గుక్క గుక్కగా. అంతే. మందు అక్కర్లేదు. చాలామందిలో ఇది ఏడాది, ఏడాదిన్నరలో తగ్గుముఖం పడుతుంది.

రెండోది లేట్ డంపింగ్. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది, తరచుగా ఆపరేషన్ అయిన ఏడాది తర్వాతే మొదలవుతుంది. అందుకే దీనికీ ఆపరేషన్‌కీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు. చక్కెర వరదలా రావడంతో పేగు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ని గట్టిగా విడుదల చేస్తుంది, దాంతో ఇన్సులిన్ అవసరానికి మించి దిగుతుంది. వరద తీసేసరికి ఇన్సులిన్ మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. షుగర్ పడిపోతుంది. వణుకు, చెమట, విపరీతమైన ఆకలి, మాట తడబడటం.

[స్క్రీన్ మీద: అరగంటలోపు, కడుపు నొప్పితో కలిసి వస్తే ఎర్లీ. రెండు గంటలకి, వణుకుతో వస్తే లేట్. ఏదైనా ముందు గ్లూకోమీటర్.]

చెమట రెండింట్లోనూ పడుతుంది, తికమక అక్కడే. గడియారం చూడండి, గ్లూకోమీటర్ చూడండి. ఆపరేషన్ అయిన ప్రతి ఇంట్లో, షుగర్ జబ్బు లేకపోయినా, ఒక గ్లూకోమీటర్ ఉండి తీరాలని నా అభిప్రాయం. మిక్సీకి పెట్టే డబ్బుల్లో సగం కూడా కాదు.

నంబర్ 70 కన్నా తక్కువ వస్తే, అప్పుడు గ్లూకోజ్ కావాలి. నేను వద్దన్నది నంబర్ చూడకుండా పట్టడం. మీటర్ దగ్గర లేదు, తిని రెండు గంటలైంది, మనిషి తడబడుతున్నాడు అంటే మాత్రం ఆలోచించకుండా ఇచ్చేయండి. ఎంత? సుమారు 15 గ్రాములు, అంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి, కొద్ది నీళ్ళలో. పావుగంట ఆగి మళ్ళీ సూది. 70 దాటాక ఒక ఉడికించిన గుడ్డో, నాలుగు పనీర్ ముక్కలో, గుప్పెడు పల్లీలో బాగా నమిలి తినాలి. ఈ చివరి మెట్టు వదిలేస్తారు చూడండి, అక్కడే పాడవుతుంది. పెద్ద కూల్‌డ్రింక్ సీసా ఎత్తి తాగేస్తారు. 300 మిల్లీలీటర్లలో 30 గ్రాములకి పైగా చక్కెర. మళ్ళీ వరద, మళ్ళీ ఇన్సులిన్, రెండు గంటలకి మళ్ళీ వణుకు. రోజంతా అదే తంతు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఒకసారి ఇలా వచ్చినవాళ్ళు కారణం తేలేదాకా బండి నడపకపోవడం మంచిది.

డాక్టర్ అకార్బోస్ అనే మాత్ర రాసి ఉంటే ఇంకో చిక్కు ఉంది. అది పిండినీ పంచదారనీ పేగులో మెల్లగా విరగనిస్తుంది. మందుగా మంచిదే. కానీ అది వేసుకున్న మనిషికి షుగర్ పడిపోతే పంచదార, బెల్లం త్వరగా పనిచెయ్యవు. ఉత్త గ్లూకోజ్ పొడే వాడాలి. షుగర్ జబ్బుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు పాత డోసులోనే వేసుకుంటున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళకి షుగర్ పడిపోతే తప్పు డంపింగ్‌ది కాకపోవచ్చు, మాత్రది కావచ్చు. వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

సరే, తిండి. తూము లేదు కాబట్టి తూము పని మనం చెయ్యాలి. ఎలా? గట్టిగా ఉన్నది తినడం, నమలడం, నీళ్ళు వేరుగా తాగడం.

మన భోజనంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఏది అంటే జిలేబీ అంటారు. నేనైతే చారన్నం అంటాను. జిలేబీకి ఎలాగూ భయపడతారు. చారన్నం "తేలిగ్గా అరుగుతుంది" అని పెడతారు. మెత్తటి అన్నం, పైన పల్చటి చారు, కలిపి జుర్రుకుంటే నమిలే పనే లేదు. నీరూ పిండీ కలిసి సరాసరి పొలంలోకి. పల్చటి పెరుగన్నం, గంజి, బెల్లం వేసిన రాగి జావ అదే వరసలో వస్తాయి. రాగులు మంచివే. జావగా చేసి బెల్లం కలిపితే ఈ మనుషులకి కాదు. బెల్లం, తేనె, ఖర్జూరం సహజమైనవి కదా అంటారు, పేగుకి ఆ సంగతి తెలీదు.

పళ్ళెంలో వరస ఇలా ఉండాలి. ముందు ప్రొటీన్: గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన చికెన్, గట్టి పప్పు, పనీర్, మీల్‌మేకర్. తర్వాత కూర. అన్నం చివర, రెండు మూడు గట్టి ముద్దలు, పప్పుతోనో కూరతోనో. ఒక్క ముద్ద పిండిలా అయ్యేదాకా నమలాలి. భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు. భోంచేస్తూ నీళ్ళు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగి తాగండి. రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినండి, రోజు మొత్తానికి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, లెక్క వేసుకోండి. అందుకే ప్రొటీన్ పొడి రాస్తారు, అయితే డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదివి కొనండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే డైటీషియన్ గ్వార్ గమ్ లాంటి చిక్కబరిచే పీచు ఇస్తారు. అది మన గోరుచిక్కుడు గింజల్లోంచి తీసేదే. అలాగని గోరుచిక్కుడు కూర తింటే సరిపోతుందని వాట్సాప్‌లో పెట్టకండి. కూరలో ఆ మోతాదు రాదు.

విరేచనాలతో నీరు పోతే ఓఆర్ఎస్ తాగొచ్చా? పొట్లం లీటరు నీళ్ళలో సరిగ్గా కలిపితే తాగొచ్చు, గుక్క గుక్కగా. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఆ ద్రవం రక్తం కన్నా పల్చన. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు వేరు, వాటిలో దీనికి ఎన్నో రెట్ల చక్కెర. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ వాటి మీద ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

ఇప్పుడు గ్లూకోజ్ చేసే అసలు పెద్ద హాని. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో కొందరికి రోజూ వాంతులు అవుతాయి. నీరసం కదా, ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి "ఒక గ్లూకోజ్ ఎక్కించండి" అంటారు. వాంతులతో బీ1 విటమిన్, అంటే థయామిన్, అయిపోతుంది. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. గ్లూకోజ్‌ని ఖర్చు చెయ్యడానికి థయామిన్ కావాలి. అది లేని ఒంట్లోకి డెక్స్‌ట్రోజ్ సీసా ఎక్కిస్తే ఉన్న కాస్తా అయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. వెర్నికీ అంటారు, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. కాబట్టి సీసా పెట్టే ముందు మీరు చెప్పాల్సిన మాట: "బేరియాట్రిక్ ఆపరేషన్ అయింది, ముందు థయామిన్ ఇవ్వండి." సీసా మీద డీఎన్ఎస్ అని ఉన్నా, డీ5 అని ఉన్నా అందులో డెక్స్‌ట్రోజ్ ఉన్నట్టే.

వీడియో పెద్దదైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు నెలల మధ్య ముందు గట్టి తిండి, తర్వాత మెత్తటిది, ఆఖరికి నీళ్ళు కూడా వాంతి అవుతుంటే కుట్టిన చోట సన్నబడి ఉండొచ్చు. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు, మళ్ళీ కొయ్యక్కర్లేదు.

బైపాస్ వాళ్ళు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకి దూరం, సిగరెట్‌కి ఇంకా దూరం. కుట్టిన చోట పుండు పడుతుంది. నొప్పికి పారాసిటమాల్.

పాలు తాగితే ఉబ్బరం, విరేచనం అయితే పాలు ఆపి పెరుగు చూడండి. కాల్షియం, ఐరన్ మాత్రల మధ్య రెండు గంటలు ఎడం. బైపాస్‌కి కాల్షియం సిట్రేట్ మేలు, కార్బొనేట్‌కి కడుపు యాసిడ్ కావాలి.

బరువు త్వరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి, కుడి డొక్క పైభాగంలో నొప్పి. అవి రాకుండా అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర రాసి ఉంటే ఆర్నెల్లు మానకుండా వేసుకోండి.

ఇంట్లో ఆగకూడనివి రెండు. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో నాడి 120 దాటడం, జ్వరం, ఊపిరాడకపోవడం: కుట్టు లీకైందేమో చూడాలి. ఇక బైపాస్ అయిన నెలలకో ఏళ్ళకో ఉండుండి వచ్చే తీవ్రమైన మెలిపెట్టే నొప్పి: పొట్ట లోపల సందులో పేగు ఇరుక్కుని ఉండొచ్చు. స్కాన్ మామూలుగా వచ్చినా నమ్మి ఇంటికి రాకండి, ఆపరేషన్ చేసిన సర్జన్‌తో మాట్లాడించండి.

చివరగా గర్భిణులకి. మన దగ్గర అందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి షుగర్ పరీక్ష చేస్తారు. బైపాస్ అయినవాళ్ళకి ఆ గ్లాసే డంపింగ్ తెప్పిస్తుంది, ఫలితాన్నీ నమ్మలేం. ల్యాబ్‌లో కాగితం ఇచ్చేటప్పుడే ఆపరేషన్ సంగతి చెప్పండి. దానికి బదులు 24 నుంచి 28 వారాల మధ్య ఒక వారం పాటు ఇంట్లోనే పరగడుపున, భోజనాల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసి రాసుకున్న నంబర్లు డాక్టర్‌కి చూపిస్తే సరిపోతుందేమో అడగండి.