తాళం చెవి ఎవరి దగ్గరుంది?

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఆట అయ్యాక గేటు దగ్గర నలిగిపోయే జనం గురించి మాట్లాడదాం. ముందే చెప్పేస్తాను, నేను పోలీసును కాదు, స్టేడియాలు కట్టే ఇంజినీరునూ కాదు. గుంటూరు, విజయవాడ, తెనాలి కాలేజీల మధ్య జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఇరవై రెండేళ్లు రిఫరీగా ఈల ఊదినవాణ్ణి. ఈ ఉద్యోగంలో, అసలు దీన్ని ఉద్యోగం అనకూడదనుకోండి, ఇచ్చేది బస్సు చార్జీ, భోజనం, ఇందులో ఒక సుఖం ఉంది. చివరి విజిల్ ఊదాక మనల్ని ఎవరూ పట్టించుకోరు. అప్పటిదాకా బంతిని చూసిన కళ్లు అప్పుడు మొదటిసారి గ్యాలరీని చూస్తాయి.

అలా చూసిన ఒక సాయంత్రం గురించి చెప్పాలి. గుంటూరులో ఒక గ్రౌండు, పేరెందుకులెండి. రెండు కాలేజీల మధ్య ఫైనల్. రెండు వైపుల కుర్రాళ్లకూ పడదు, పొద్దుటి నుంచే ఫ్లెక్సీలు చించుకున్నారు. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా నేను పెనాల్టీ ఇచ్చాను. సరిగ్గానే ఇచ్చాను, ఇప్పటికీ అదే అంటాను. గోల్ పడింది, గెలిచినవాళ్లు డప్పులతో గ్రౌండులోకి దూకారు, ఓడినవాళ్లు నా ఇంటిపేరుతో సహా నన్ను తలుచుకున్నారు. ఇక కొట్టుకుంటారు, మధ్యలో నన్నూ వేసుకుంటారని నాకు గుండెల్లో దడ.

కొట్టుకోలేదు. అందరూ ఇంటికి బయల్దేరారు. అసలు గండం అప్పుడొచ్చింది.

ఆ గ్రౌండుకు రెండు గేట్లు. రోడ్డు వైపు పెద్దది, వెనక సందులోకి చిన్నది. చిన్నదానికి తాళం. ఉన్న జనమంతా పెద్ద గేటు దగ్గరికే వచ్చారు, ఆ పెద్ద గేటులోనూ ఒక రెక్కే తెరిచారు, రెండో రెక్క ముందు మోటార్‌సైకిళ్లు పెట్టేశారు. వెనకవాళ్లకు ముందేం జరుగుతోందో తెలియదు, పదండి పదండి అంటున్నారు. ముందు బఠాణీలమ్మే ముసలాయన బుట్టతో సహా ఇనప గేటుకు అతుక్కుపోయాడు. నోరు తెరుస్తున్నాడు, కేక రావడం లేదు. కొత్తగా వచ్చిన కుర్ర ఎస్సై లాఠీ పైకెత్తి, జరగండి జరగండి అని అరుస్తున్నాడు. ఎక్కడికి జరుగుతారు?

అప్పుడొక హెడ్ కానిస్టేబుల్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఎస్సై గారి చెయ్యి మెల్లగా కిందికి దించి, గెలిచిన వాళ్ల డప్పుల దగ్గరికి పరిగెత్తాడు. "ఒరేయ్ అబ్బాయిలూ, వాయించేది ఇక్కడ కాదురా, గ్రౌండు మధ్యలోకెళ్లి వాయించండి, గట్టిగా!" అన్నాడు. వాళ్లకు కావలసిందీ అదే. డప్పులు వెనక్కి వెళ్లాయి, డప్పుల వెంట సగం జనం వెళ్లింది, చిందులేసింది. గేటు దగ్గర ఊపిరాడింది. ముసలాయన్ని పైకెత్తి పక్కన కూచోబెట్టిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడిది ఈ కాలేజీ చొక్కా, ఇంకొకడిది ఆ కాలేజీది. బఠాణీలు మాత్రం పోయాయి పాపం.

ఆ రోజు నుంచి నాకీ విషయం మీద ఒక పిచ్చి పట్టుకుంది. ఎక్కడ ఏ మ్యాచ్ తర్వాత జనం చనిపోయారన్నా, కొట్టుకున్నారా, గేటు దగ్గర నలిగారా అని చదవడం మొదలుపెట్టాను. బయట అందరం ఒకటే అనుకుంటాం కదా, ఫుట్‌బాల్ అభిమానులంటే రౌడీలు, రెండు జట్లవాళ్లు ఎదురుపడితే రక్తపాతమేనని. పూర్తిగా అబద్ధం అననండి. 1985లో బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో మ్యాచ్ మొదలుకాకముందే ఇంగ్లండు జట్టు లివర్‌పూల్ అభిమానులు ఇటలీ జట్టు యువెంటస్ అభిమానుల మీదికి దూసుకెళ్తే, గోడ కూలి 39 మంది పోయారు. 2012లో ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో మ్యాచ్ అయ్యాక నిజంగానే వేటాడి కొట్టారు, 70 మందికి పైగా చనిపోయారు, పారిపోదామంటే అక్కడా గేటు మూసి ఉంది. పగలుంటాయి, కాదనను.

కానీ స్కాట్లండులోని గ్లాస్గో సంగతి చూడండి. రేంజర్స్, సెల్టిక్ అని అక్కడ రెండు జట్లు, ఈ రెంటి మధ్య ఉన్నంత వైరం ప్రపంచంలో ఇంకోచోట తక్కువ, మతం కూడా కలిసిన వైరమది. ఆ రెండు జట్ల మ్యాచ్‌లలో అన్నిటికంటే పెద్ద విషాదం 1971 జనవరి 2న జరిగింది, 66 మంది పోయారు. ఎవరు ఎవర్ని కొట్టారు? ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ఆట అయిపోయింది, రేంజర్స్ అభిమానులే ఒకే మెట్లదారిలో, అందరూ ఒకే వైపు, ఇంటికి దిగుతున్నారు, ఎవరో ఒకరు పడ్డారు, మీద మీద పడ్డారు.

ఇండోనేసియాలో మలాంగ్ నగరం, 2022 అక్టోబరు 1. గొడవలవుతాయని ఎదుటి జట్టు అభిమానుల్ని అసలు స్టేడియంలోకే రానివ్వలేదు. ఒక్క వైపువాళ్లే ఉన్నారు. వాళ్ల జట్టు ఓడింది, కొందరు గ్రౌండులోకి దిగారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు. గ్రౌండులోకే కాదు, గ్యాలరీలో కూచున్న వాళ్ల మీదికి కూడా. కళ్లు మండి జనం ఒక్కసారిగా తలుపుల వైపు పరిగెత్తారు, కొన్ని తలుపులు ఇరుకు, కొన్ని మూసి ఉన్నాయి. 135 మంది. స్టేడియం లోపల బాష్పవాయువు వాడకూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాల్లోనే రాసి ఉంది. 1964లో పెరూ రాజధాని లిమాలో ఇదే పని చేస్తే 300 మందికి పైగా పోయారు, అక్కడా మెట్ల కింద తలుపులు మూసే ఉన్నాయి. మన పక్కనే ఖాట్మండూలో 1988 మార్చిలో పగలేమీ లేవు, వడగళ్ల వాన పడింది. జనం తలదాచుకుందామని పరిగెత్తితే తలుపులకు తాళాలు. 90 మందికి పైగా.

పగ, బాష్పవాయువు, వడగళ్లు, ఏది మొదలుపెట్టినా ముగింపు మాత్రం తలుపు దగ్గరే.

ఇక్కడొక మాట. మన పేపర్లలో ఇలాంటివన్నిటికీ ఒకే పేరు పెడతాం, తొక్కిసలాట. ఆ మాట వినగానే మీకేం కనిపిస్తుంది? ఒకడు ఇంకొకణ్ణి కాళ్ల కింద వేసి తొక్కుకుంటూ పోతున్నట్టు. నిజానికి చాలామంది చనిపోయేది నిలబడే. ఛాతీకి అటూ ఇటూ చోటు లేక, ఊపిరి లోపలికి తీసుకోలేక. ముసలాయనకు కేక రాలేదన్నానే, అదన్నమాట. తొక్కిసలాట అనేస్తే తప్పంతా తొక్కినవాళ్లదైపోతుంది, గేటు కట్టినవాడు, తాళం వేసినవాడు, పది వేలమంది పట్టేచోటికి ముప్పై వేలమందిని పిలిచినవాడు హాయిగా ఇంటికి పోతారు. ఇంగ్లండులోని హిల్స్‌బరో స్టేడియంలో 1989లో సరిగ్గా ఇదే జరిగింది. 97 మంది ప్రాణాలు పోతే, తాగుబోతు అభిమానులే కారణమని పోలీసులు చెప్పారు, పత్రికలు రాశాయి. అభిమానుల తప్పేమీ లేదని, వాళ్లను అన్యాయంగా చంపినట్టేనని విచారణ జ్యూరీ తేల్చింది 2016లో. ఇరవై ఏడేళ్లు పట్టింది.

జనం ఎంత ఎక్కువ వస్తే అంత గొప్ప మనకు. ఇసకేస్తే రాలనంత జనం అని మురిసిపోతూ చెబుతాం. ఆ ఇసుక లెక్క ఇంగ్లండువాళ్లు వేసిపెట్టారు, స్టేడియాల భద్రత కోసం గ్రీన్ గైడ్ అని ఒకటుంది వాళ్లకు. నిలబడి చూసేచోట చదరపు మీటరుకు ఐదుగురి లోపే ఉండాలంటుంది. ఆరుగురు, ఏడుగురు దాటితే ఇక మనిషి తన కాళ్లతో నడవడు, జనం నీళ్లలా కదులుతుంది, మీరు అందులో తేలతారు. మనం ఇసుక రాలదని సంబరపడేది సరిగ్గా అక్కడే! ఇంకో లెక్క కూడా ఉంది. ఒక మీటరు వెడల్పున్న దారిలోంచి, నేల చదునుగా ఉంటే, నిమిషానికి 82 మంది బయటికి వెళ్లగలరు. మెట్లైతే 66. నేను చెప్పిన గ్రౌండులో ఆ రోజు తెరిచిన రెక్క రెండు మీటర్లు అనుకుందాం, జనం ఐదువేలు అనుకుందాం, అరగంట పడుతుంది. గైడు చెప్పేదేమో, ఎనిమిది నిమిషాల్లో అందరూ బయటపడాలని. అంటే దాదాపు ఎనిమిది మీటర్ల దారి కావాలి. ఇదేమీ పెద్ద చదువు కాదు, మా ఆరో తరగతి లెక్కల మాస్టారు చెప్పేవి ఇంతకంటే కష్టంగా ఉండేవి.

ఇదంతా ఫుట్‌బాల్ గోల, మనకెందుకు అనుకుంటున్నారేమో. 2023 జనవరి 1న గుంటూరు వికాస్ నగర్‌లో సంక్రాంతి కానుకల పంపిణీలో ముగ్గురు మహిళలు చనిపోయారు. అంతకు నాలుగు రోజుల ముందే కందుకూరులో ఎనిమిది మంది. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు. అదే ఏడాది జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట 11 మంది, అది కూడా సొంత జట్టు కప్పు గెలిచిన సంబరంలో! వీటిలో ఎక్కడా ఎదుటి జట్టే లేదు.

మరి పోలీసులేం చెయ్యాలి? లాఠీ లేకుండా రమ్మంటానా? అననండి. 2004లో పోర్చుగల్‌లో యూరో కప్పు, అంటే యూరప్ దేశాల ఫుట్‌బాల్ పోటీ, జరిగింది. అంతకుముందు 2000లో అదే కప్పుకు బెల్జియంలో ఇంగ్లండు అభిమానుల్ని తొమ్మిది వందలమందికి పైగా పట్టుకుని లోపలేశారు, అయినా గొడవ ఆగలేదు. పోర్చుగల్ నగరాల్లో పోలీసులు ఇంకో పద్ధతి పట్టారు. హెల్మెట్లు, డాళ్లున్న బలగాన్ని కనపడకుండా పక్క వీధిలో ఉంచి, మామూలు యూనిఫాంలో ఇద్దరిద్దరు జనంలో తిరిగారు, దారి చెప్పారు, మాట కలిపారు, ఎవడైనా తోక జాడిస్తే వాణ్ణొక్కణ్ణే పక్కకు తీసుకెళ్లారు. మ్యాచ్‌లు జరిగిన ఊళ్లలో పెద్ద గొడవలు కాలేదు. అదే దేశంలో అల్బుఫేరా అనే బీచ్ ఊళ్లో వేరే పోలీసు విభాగం పాత పద్ధతిలో పోతే అక్కడ అల్లర్లు అయ్యాయి. మా హెడ్ కానిస్టేబుల్ గారు పోర్చుగల్ పేరు విని ఉండరు. చేసింది మాత్రం అదే.

మన దగ్గర తెలివి లేకపోలేదు. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి చూడండి. ఒకేచోట జనం కుప్పపడకుండా ఎంత దూరం నుంచి క్యూలైన్లు వేస్తారు, ఎక్కడికక్కడ ఆపి వదులుతారు, వాహనాల్ని ఎటెటో మళ్లిస్తారు, మైకులో చెబుతూనే ఉంటారు. అమ్మవారికి చేసే బందోబస్తులో పదోవంతు బెనిఫిట్ షో దగ్గర, క్రికెట్ కప్పు గెలిచిన రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర ఎందుకుండదో నాకర్థం కాదు. అక్కడ చివరికి మిగిలేది చెప్పుల కుప్పలే, పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్లు ఎత్తుకెళతారు.

అభిమానుల మాటకొస్తే ఒకటి చెప్పక తప్పదు. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానుల గొడవ 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో 16 మందిని పొట్టనపెట్టుకుంది. ఇప్పటికీ ఆ తేదీన అక్కడ రక్తదానం చేస్తారు. అదే నగరంలో 2024 ఆగస్టులో, డాక్టరమ్మాయి హత్య మీద ఊరంతా అట్టుడుకుతుంటే, బందోబస్తుకు సరిపడా పోలీసుల్లేరని ఆ రెండు జట్ల మ్యాచ్ రద్దు చేశారు. అభిమానులు ఇళ్లలో కూచోలేదు, రెండు రంగుల జెండాలూ పట్టుకుని స్టేడియం బయట కలిసి నిలబడ్డారు, న్యాయం కావాలన్నారు. పోలీసులు లాఠీచార్జి చేశారు. కలిసి కొట్టుకునేవాళ్లు కలిసి దెబ్బలు తిన్నారు.

సరే, రేపు మీరో మీ పిల్లలో ఇలాంటి జనంలో ఉన్నారనుకోండి. ఆట అవగానే లేవకండి, పావుగంట కూచోండి, పల్లీలు తినండి. లోపలికి వెళ్లేటప్పుడే రెండో గేటు ఎక్కడుందో చూసుకోండి. ఇరుకైపోయిందనిపిస్తే చేతులు పైకెత్తి ఛాతీ ముందు పెట్టుకోండి, మోచేతులు కొంచెం ముందుకు, ఊపిరికి ఆ జానెడు చోటు చాలు. ఎదురు తోయకండి, కేకలేసి ఊపిరి ఖర్చు చేసుకోకండి, జనం కదిలినప్పుడు కదులుతూ, ఆగినప్పుడు మెల్లగా ఏటవాలుగా పక్కకు రండి. గోడకూ బారికేడుకూ దూరంగా ఉండండి. చెప్పు జారిందా, ఫోన్ పడిందా, పోనివ్వండి, వంగొద్దు. చంటిపిల్ల ఉంటే భుజాల మీదికి. మీరు వెనక ఉన్నారా, ముందు ఎవరో పడ్డారని కేక వినిపించిందా, మీరొక అడుగు వెనక్కి వేసి మీ వెనకాయనకు చెప్పండి. ముందున్న పోలీసుకు వెనకవాళ్లు కనపడరు, వెనకవాళ్లకు ముందు కనపడదు, మధ్యలో మాట మోసుకెళ్లేది మనమే. పరిస్థితి చెయ్యి దాటుతుందనిపిస్తే 112కు ఫోన్ చెయ్యండి, ఏ గేటు దగ్గరో ముందు చెప్పండి.

మొన్న పని మీద ఆ గ్రౌండు వైపు వెళ్లాను. స్టాండుకు కొత్త రంగులు వేశారు, బాగుంది. వెనక సందు వైపు చిన్న గేటు అలాగే ఉంది, తాళం మాత్రం కొత్తది. వాచ్‌మన్‌ను అడిగాను, బాబూ దీని తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది అని. "ఆఫీసులో ఉంటుందండీ," అన్నాడు. ఆఫీసు ఎన్నింటిదాకా అన్నాను. "ఐదింటికి కట్టేస్తారండీ." మ్యాచ్‌లు ఎన్నింటికి అవుతాయని అడగలేదు. ఆరింటికి అవుతాయని నాకు తెలుసు, విజిల్ ఊదింది నేనే కదా.