పంజరంలో మనిషి ఎందుకు వణికాడు?

అందరికీ నమస్కారం.

ఎత్తయిన గోపురం. దాని మీంచి వేలాడే ఇనుప పంజరం. అందులో ఒక మనిషి. ఊచలు గట్టివని, పడిపోనని అతనికి తెలుసు. అయినా కిందికి చూడగానే ఒళ్లు వణుకుతుంది. బుద్ధికి తెలిసినదాని కన్నా భయమే బలమైంది.

ఈ ఉదాహరణ రాసింది స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్, 1739లో వెలువడిన తన మొదటి గ్రంథంలో. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. గ్రంథం పేరులోనే మానవ స్వభావం ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అచ్చుయంత్రం నుంచి చచ్చి పుట్టిందని ఆయనే రాసుకున్నాడు.

ఐరోపా అంతా బుద్ధికి పట్టం కడుతున్న రోజుల్లో ఆయన అన్న మాట: బుద్ధి రాగద్వేషాలకు బానిస, బానిసగానే ఉండాలి. మొదటిసారి చదివినప్పుడు నేను నొచ్చుకున్నాను. ఇష్టమొచ్చినట్టు బతకమంటున్నాడా అనిపించింది. కాదు. మిఠాయి తింటే ఒంట్లో చక్కెర పెరుగుతుందని చెప్పేది బుద్ధి. బతకాలన్న ఆశ, పిల్లల మీద ప్రేమ లేకపోతే ఆ లెక్క ఒక్కటే మన చేతిని ఆపలేదు. నా వేలికి గీత పడటం కన్నా లోకమంతా నాశనం కావడమే నయమనుకున్నా అది బుద్ధికి విరుద్ధం కాదని కూడా అన్నాడు. ఎంత కఠినమైన మాట! కానీ ఆలోచించండి. అలా అనుకోకుండా మనల్ని ఆపుతున్నది తర్కం కాదు, తోటివారి బాధ మనకు తగలడం. సమంగా బిగించిన తీగల్లో ఒకటి కదిలితే మిగతావీ కదిలినట్టు, ఒకరి భావం మరొకరికి పాకుతుందని ఆయన నమ్మాడు.

అయితే ఆ తీగలు దూరంవాళ్ల దాకా అంత గట్టిగా మోగవనీ ఆయనకు తెలుసు. అందుకే ఇద్దరు రైతుల కథ చెప్పాడు. నీ చేను ఇవాళ కోతకొచ్చింది, నాది రేపు వస్తుంది. ఇవాళ నేను నీకు సాయపడి, రేపు నువ్వు నాకు సాయపడితే ఇద్దరికీ లాభమే. కానీ నీ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు, నీకూ అంతే. రేపు నువ్వు వస్తావన్న నమ్మకమూ లేదు. నిన్ను ఒంటరిగా కష్టపడనిస్తాను, నువ్వూ అదే చేస్తావు. అదును దాటిపోతుంది, ఇద్దరి పంటా పోతుంది. వాళ్లను హ్యూమ్ దుర్మార్గులనలేదు, మారమని నీతులూ చెప్పలేదు. మనుషులు ఇలా ఉంటారు గనకే 'మాట ఇవ్వడం' అనే కట్టుబాటు పుట్టిందన్నాడు. మాట తప్పితే ఇక ఎవరూ నమ్మరు, ఆ భయం మన స్వార్థాన్నే మంచి దారికి మళ్లిస్తుంది. ఆయన రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ పుట.

ఇక చెప్పకుండా దాటలేని మాట. వివేకి తన నమ్మకాన్ని సాక్ష్యానికి తగినంతే ఉంచుకుంటాడని రాసిన ఇదే మనిషి, మరో వ్యాసంలో పుట అడుగున చేర్చిన గమనికలో నల్లజాతివారు పుట్టుకతోనే తక్కువవారేమోనన్నాడు. జమైకాలో ఒక నల్లజాతీయుడు విద్వాంసుడని పేరు పొందాడని విని, బహుశా చిలకపలుకులేనని కొట్టిపారేశాడు. సాక్ష్యం చేతికి అందినా చూడలేదు. ఈ రాతల కారణంగానే 2020లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ఒక భవనానికి ఉన్న ఆయన పేరు తీసేసింది. బుద్ధి ఎవరి బానిసో ఆయన జీవితమే ఇక్కడ చూపించింది. ఇది నన్ను బాధపెడుతుంది, ఆయన్ని మరింత జాగ్రత్తగా చదివిస్తుంది కూడా.

1776లో జబ్బు ముదిరి, చావు దగ్గరపడిందని తెలిశాక కూడా ఆయన ప్రసన్నంగానే ఉన్నాడు. మిత్రుడు ఆడమ్ స్మిత్ ఆ రోజుల గురించి రాసిన లేఖ ఉంది. గ్రీకు పురాణాల్లో చనిపోయినవారిని నది దాటించే పడవవాడు కేరాన్‌కు ఏం సాకు చెప్పి పడవ ఎక్కకుండా ఆగాలా అని హ్యూమ్ ఆలోచించాడట. "నా పుస్తకాలు దిద్దుతున్నాను, జనం ఏమంటారో చూసి వస్తాను" అంటే, "అది చూశాక మళ్లీ దిద్దుతానంటావు, ఎక్కు" అంటాడు. "కొంచెం ఓపిక పట్టు, జనం కళ్లు తెరిపించాలని చూస్తున్నాను. కొన్నేళ్లు బతికితే కొన్ని మూఢనమ్మకాలైనా కూలడం చూస్తాను" అంటే, కేరాన్‌కు ఇక కోపం ఆగదు: "అది ఇంకా కొన్ని వందల ఏళ్ల దాకా జరగదు. అంతకాలం నీకు గడువిస్తాననుకున్నావా? సోమరీ, ఎక్కు పడవ!"