లైసెన్స్ ఉంది సరే, ఏ చొక్కా జేబులో ఉంది?

[స్క్రీన్: టెర్మినల్, ఖాళీ ఫోల్డర్]

నమస్తే. "అక్కా, స్క్రీమింగ్ ఫ్రాగ్ సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేశాను, లైసెన్స్ కూడా పెట్టాను. నేను నడిపితే నడుస్తోంది. రాత్రికి క్రాన్‌లో పెడితే పొద్దున ఫోల్డర్ ఖాళీ." స్క్రీమింగ్ ఫ్రాగ్ ఎస్ఈఓ స్పైడర్ అంటే ఒక సైట్ పేజీలన్నీ తిరిగి చూసే, అంటే క్రాల్ చేసే టూల్. క్రాన్ అంటే లినక్స్‌లో చెప్పిన టైమ్‌కి పనిని దానంతటదే నడిపేది. ఈ మాట నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అడిగినవాళ్లందరూ అప్పటికే చేసిన పని ఒకటే: టూల్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. ఒకబ్బాయి ఒకే రాత్రి మూడుసార్లు చేశాడు. తప్పు అక్కడ లేనే లేదు. అందుకే ఈ వీడియో.

బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దగ్గర 500డి బస్సు కోసం నిలబడ్డారనుకోండి. బస్సు వచ్చింది. టూల్ ఇన్‌స్టాల్ అవడం అంటే అంతే, బస్సు రావడం. పాస్ సంగతి వేరు. ఇప్పుడు పాస్‌లు ఫోన్‌లోకి వచ్చేశాయి గానీ, కార్డు పాస్ రోజులు గుర్తు తెచ్చుకోండి. నెల డబ్బులు కట్టారు, పాస్ మీదే. కానీ అది నిన్న వేసుకున్న చొక్కా జేబులో ఉండిపోయింది. మీరు డబ్బు కట్టారని కండక్టర్‌కి ఎలా తెలుస్తుంది? ఇవాళ వేసుకున్న చొక్కాలో ఉందా లేదా, అదే చూస్తాడు.

ముందు బస్సు వచ్చిందో లేదో చూద్దాం. లినక్స్‌లో 'విచ్' అని కొట్టి, పక్కన టూల్ పూర్తి పేరు, ఎస్ఈఓ స్పైడర్‌తో సహా, మొత్తం చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా రాయండి. దారి చూపిస్తే ఉన్నట్టే. విండోస్‌లో మాత్రం పేరు ఒక్కటే కొడితే 'గుర్తించలేదు' అని రావచ్చు. కంగారు పడొద్దు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 లోపల దాని ఫోల్డర్‌లోకి వెళ్లి, పేరు చివర సీఎల్ఐ అని ఉన్న ఈఎక్స్ఈని నడపండి. పక్కన రెండు హైఫన్లు, హెల్ప్. ఆప్షన్ల జాబితా వచ్చిందా? బస్సు వచ్చింది.

[స్క్రీన్: హోమ్ ఫోల్డర్, దాచిన ఫైళ్లతో]

ఇప్పుడు జేబు. ఈ టూల్ లైసెన్స్‌ని యూజర్ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే 'స్క్రీమింగ్‌ఫ్రాగ్‌ఎస్ఈఓస్పైడర్' అనే ఫోల్డర్‌లో వెతుకుతుంది. చుక్క ఉంది కాబట్టి మామూలు 'ఎల్ఎస్' కొడితే కనబడదు, 'హైఫన్ ఎ' కలపాలి. లోపల లైసెన్స్ డాట్ టీఎక్స్‌టీ ఉండాలి. మొదటి వరుసలో లైసెన్స్ యూజర్‌నేమ్, రెండో వరుసలో కీ. చేత్తో టైప్ చేయకండి, కాపీ చేసి పెట్టండి.

ఇక్కడ కాస్త దగ్గరగా చూడండి. ఆ ఫైల్ పేరులో చివరి అక్షరాలు 'సి ఇ'. 'ఎస్ ఇ' కాదు. ఇది బ్రిటన్ కంపెనీ టూల్, స్పెల్లింగ్ కూడా వాళ్లదే. అమెరికా స్పెల్లింగ్‌తో ఫైల్ చేస్తే లోపల కీ ఎంత సరిగ్గా ఉన్నా టూల్ దాన్ని ముట్టుకోదు. విండోస్ నోట్‌ప్యాడ్ ఇంకో పని చేస్తుంది, ఎక్స్‌టెన్షన్లు దాచి ఉన్నప్పుడు చివర టీఎక్స్‌టీ రెండుసార్లు పడిపోతుంది. అది కూడా చూసుకోండి.

మరి క్రాన్ సంగతేంటి? మీరు మీ లాగిన్‌తో లైసెన్స్ పెట్టారు, అది మీ చొక్కా. 'సుడో క్రాన్‌ట్యాబ్' అని క్రాన్ పనుల జాబితాలో రాస్తే రాత్రి నడిపేది రూట్, అంటే సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్. రూట్ చొక్కా వేరు, దాని హోమ్ ఫోల్డర్ వేరు, ఆ జేబు ఖాళీ. పొద్దున మీరు చేత్తో నడిపి చూస్తే మళ్లీ మీ చొక్కానే, అందుకే నడుస్తుంది. మొదట చెప్పిన ఆ అబ్బాయి మూడుసార్లూ బస్సుని మార్చాడు, జేబు ఒక్కసారీ చూడలేదు. నా సలహా, రూట్‌కి కాపీ చేయకండి. జాబ్‌నే మీ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లోకి మార్చండి. క్రాల్ చేయడానికి రూట్ అధికారం దేనికి? ఇంకొకరి కీ తెచ్చి పెట్టడం కూడా వద్దు. లైసెన్స్ మనిషికి ఒకటి, ఫోటో ఉన్న పాస్ లాంటిది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. ఫైల్ ఉన్నంత మాత్రాన లైసెన్స్ ఉన్నట్టు కాదు, దానికి ఏడాది గడువు ఉంటుంది, తేదీ చూసుకోండి. స్క్రీన్ లేని సర్వర్‌లో టూల్ వాడకం ఒప్పందానికి (యూలా) 'ఒప్పుకున్నాను' నొక్కే చోటు ఉండదు కాబట్టి, అదే ఫోల్డర్‌లో స్పైడర్ డాట్ కాన్ఫిగ్‌లో 'యూలా డాట్ యాక్సెప్టెడ్' వరుస ఉండాలి. దాని పక్కన రాసే సంఖ్య ఒప్పందం మారినప్పుడు మారుతుంది, ఇప్పటి యూజర్ గైడ్ చూసి పెట్టండి. చివరి పరీక్షకి 500 దాటి పేజీలున్న మీ సొంత సైట్ తీసుకోండి. ఉచిత వెర్షన్ 500 యూఆర్ఎల్‌ల దగ్గర ఆగిపోతుంది, క్రాల్ సేవ్ కూడా చేయదు. క్రాన్ ఏ యూజర్‌తో నడుస్తుందో అదే యూజర్‌తో హెడ్‌లెస్ (విండో తెరవకుండా నడపడం), సేవ్ క్రాల్ ఆప్షన్లు పెట్టి నడపండి. 501వ పేజీ దాటి, ఫోల్డర్‌లో ఫైల్ పడితే పాస్ జేబులో ఉన్నట్టే. పడకపోతే లైసెన్స్ ఉన్న ఆ చుక్క ఫోల్డర్‌లోనే ట్రేస్ డాట్ టీఎక్స్‌టీ ఉంటుంది, తెరిచి కింద నుంచి చదవండి.