లోపలి పేజీకి నేరుగా లింక్ ఇస్తే తప్పా?

తెర మీద: ఫోన్‌లో ఒక పత్రిక హోమ్ పేజీ. వేలు కిందికీ పైకీ జరుపుతూ వెతుకుతోంది.

వాయిస్: మంచి వార్త చదివారు. స్నేహితుడికి చెబితే "లింక్ పంపు" అన్నాడు. ఆ వార్తది కాకుండా పత్రిక హోమ్ పేజీ లింక్ పంపితే? పాపం, అతను ఎంతసేపని వెతుక్కుంటాడు! కానీ కొన్ని సంస్థలు ఒకప్పుడు కోరింది సరిగ్గా ఇదే. ముందు గుమ్మంలోంచే రండి, లోపలి పేజీలకు దారి చూపించకండి అన్నాయి. ఇలా లోపలికి నేరుగా లింక్ ఇవ్వడాన్నే డీప్ లింకింగ్ అంటారు.

తెర మీద: స్కాట్లాండ్ పటం. ఉత్తరాన షెట్లాండ్ దీవులు.

వాయిస్: 1996లో ఈ గొడవ ఇక్కడ కోర్టుకెక్కింది. షెట్లాండ్ న్యూస్ అనే వెబ్ పత్రిక, షెట్లాండ్ టైమ్స్ శీర్షికలను ఉన్నవి ఉన్నట్టే తన పేజీలో పెట్టుకుంది. నొక్కితే నేరుగా టైమ్స్ వార్త తెరుచుకునేది. మధ్యలో టైమ్స్ మొదటి పేజీ ఎవరికీ కనబడదు. ఆ పేజీలో ప్రకటనలు అమ్ముకుందామనుకున్న పత్రికకు ఇది నిజమైన నష్టమే. కోర్టు కూడా ఆ పని తాత్కాలికంగా ఆపమంది.

తుది తీర్పు రాకముందే, 1997లో ఇద్దరూ రాజీపడ్డారు. ఆ రాజీ నాకు చాలా నచ్చింది. లింకులు ఉండొచ్చు, నేరుగా వార్తకే వెళ్లొచ్చు. కానీ ప్రతి శీర్షిక కింద అది షెట్లాండ్ టైమ్స్ వార్త అని స్పష్టంగా రాయాలి. ఎవరో ఊరంతా తిరిగి, ఫోన్లు చేసి, రాత్రి కూర్చుని రాసిన వార్త అది. చదివేవాళ్లకు ఆ పేరు తెలియాలి కదా! డీప్ లింకింగ్‌లో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

తెర మీద: బ్రౌజర్ నుంచి సర్వర్‌కు బాణం, తిరిగి ఇంకో బాణం.

వాయిస్: లింక్ అనేది చిరునామా, అంతే. బ్రౌజర్ పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే లాగిన్ అడగొచ్చు, హోమ్ పేజీకి మళ్లించొచ్చు. తాళం యజమాని చేతిలోనే ఉంది. 2003లో జర్మనీ ఫెడరల్ కోర్టు, 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కూడా, అందరికీ తెరిచి ఉంచిన పేజీకి లింక్ ఇస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదన్నాయి. దొంగతనంగా పెట్టిన ఫోటోలకు, అది తెలిసీ, లాభం కోసం లింక్ ఇస్తే మాత్రం వేరే సంగతి. 2016లో అదే యూరోపియన్ న్యాయస్థానం ఆ గీత గీసింది.

తెర మీద: ఒకే ఫోటో రెండు సైట్లలో.

వాయిస్: వేరేవాళ్ల సర్వర్‌లోని ఫోటోను మన పేజీలో అతికిస్తే? చూసేవాళ్లకు అది మనదే అనిపిస్తుంది, డేటా ఖర్చు మాత్రం వాళ్లది. ఇది దారి చూపించడం కాదు. వాళ్ల పేజీ మొత్తాన్ని మన ఫ్రేమ్‌లో బిగించి, చుట్టూ మన ప్రకటనలు పెట్టుకోవడమూ అంతే. టోటల్‌న్యూస్ అనే సైట్ ఇలా చేసినందుకే 1997లో వాషింగ్టన్ పోస్ట్, సీఎన్ఎన్ లాంటి సంస్థలు కేసు వేశాయి.

తెర మీద: చాట్‌లో ఒక పొడవాటి లింక్. వేలు 'పంపు' బటన్ మీద ఆగింది.

వాయిస్: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇలాంటి లింక్. లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు అని పెట్టిన ఆల్బమ్‌లు, డాక్యుమెంట్లు ఉంటాయి. తాళం లేదు నిజమే. కానీ ఆ మనిషి పది మందిని మనసులో పెట్టుకుని పంపింది, వెయ్యి మంది ఉన్న గ్రూపులో పడితే? ఇక్కడ "సర్వర్ ఇచ్చింది కదా" అనే వాదన నేను ఒప్పుకోను. పంపినవాళ్లను ఒక్క మాట అడగండి. కాదంటే ఆ లింక్ మీ దగ్గరే ఉంచేయండి.