ఐటీఐకి ‘గుర్తింపు’ అంటే దేనికి గుర్తింపు?

ఆకాశవాణి కడప కేంద్రం శ్రోతలకు నమస్కారం.

పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారం తిరక్కముందే మన బస్టాండ్ల గోడల మీద కొత్త పోస్టర్లు వెలుస్తాయి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, డీజిల్ మెకానిక్ అని వరుసగా పేర్లు వేసి, కింద పెద్ద అక్షరాలతో ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని అచ్చువేస్తారు. ఈ రోజు నేను ఆ ఒక్క మాట గురించే మాట్లాడదలచుకున్నాను. పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో, అంటే మనం ఐటీఐలు అని పిలిచే చోట, చాలా ఏళ్లు శిక్షణాధికారిగా పనిచేసి, తనిఖీ బృందాల వెంట ఊళ్లు తిరిగిన వాణ్ణి కాబట్టి, ఆ మాట వెనుక ఏముంటుందో, ఏముండకపోవచ్చో తల్లిదండ్రులకు చెప్పవలసిన బాధ్యత నాకుందని అనుకుంటున్నాను.

కొన్నేళ్ల కిందట జమ్మలమడుగు వైపు పల్లె నుంచి ఒక రైతు, కొడుకును వెంటబెట్టుకొని మా కార్యాలయానికి వచ్చాడు. కుర్రవాడు ఒక ప్రైవేటు సంస్థలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో, అంటే ఆ వృత్తి నేర్పే కోర్సులో, చేరి ఏడాది పూర్తి చేశాడు. తోటివాళ్లకు హాల్ టికెట్లు వచ్చాయి, ఇతనికి రాలేదు. కాగితాలు తిరగేస్తే సంగతి బయటపడింది. ఆ సంస్థకు గుర్తింపు ఉంది, ఎలక్ట్రీషియన్ ట్రేడుకూ గుర్తింపు ఉంది, కానీ ఉన్నది రెండు యూనిట్లకే. వాళ్లు మూడో బ్యాచ్‌ను కూడా చేర్చుకొని, ఆ పిల్లల పేర్లను ఎక్కడా నమోదు చేయించలేదు. “బోర్డు మీద ప్రభుత్వ గుర్తింపు అని రాసినారు గదా సార్, అది అబద్ధమెట్లయితాది?” అని ఆ తండ్రి అడిగాడు. బోర్డు మీది మాట అబద్ధం కాదు, అయినా అతని కొడుకుకు అది వర్తించదు. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు ఇప్పటికీ గుర్తుంది. చేను కుదువబెట్టి తెచ్చిన డబ్బు పోయింది, కుర్రవాడి వయసులో ఒక సంవత్సరం పోయింది.

అందువల్ల మొదట తెలుసుకోవలసింది ఇది. గుర్తింపును భవనానికీ, యాజమాన్యానికీ కలిపి ఒక్కసారిగా ఇవ్వరు. ఫలానా ట్రేడులో, ఫలానా షిఫ్టులో, ఇన్ని యూనిట్లకు అని లెక్కగట్టి ఇస్తారు. యూనిట్ అంటే ఒక బోధకుడి చేతి కింద, ఒక వర్క్‌షాపులో, ఒక షిఫ్టులో పని నేర్చుకునే పిల్లల జట్టు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడుల్లో యూనిట్‌కు 20 మంది, కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడులో 24 మంది. ఈ సంఖ్యను ఎవరో కార్యాలయంలో కూర్చొని ఊహించి పెట్టలేదు. పిల్లవాడు వైస్ ముందు నిలబడి ఆకురాయితో ఇనుప ముక్కను సమంగా రుద్దడం నేర్చుకుంటున్నప్పుడు, అతని భుజం ఎత్తు, మణికట్టు తిప్పే తీరు చూసి సరిదిద్దవలసిన బోధకుడికి ఇరవై మందిని చూడడమే గగనం. నలభై మందిని నిలబెడితే నేర్చుకునేది ముందు వరుసలో ఉన్నవాళ్లు మాత్రమే.

తనిఖీకి వెళ్లినప్పుడు మేము గదుల కొలతలు చూసేవాళ్లం, స్థలం సొంతమా లీజా అని పత్రాలు చూసేవాళ్లం, సిలబస్‌లో ఇచ్చిన పరికరాల జాబితాను చేతిలో పెట్టుకొని ఒక్కొక్కటీ లెక్కించేవాళ్లం. అన్నిటికన్నా ముందు నేను కరెంటు మీటరు దగ్గరకు వెళ్లేవాణ్ణి. ప్రతి ట్రేడుకూ ఇన్ని కిలోవాట్ల లోడు ఉండాలని నిబంధన ఉంది. మంజూరైన లోడు చాలినంత లేకపోతే లేత్ మెషీన్లు, వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని వరుసగా పేర్చి చూపినా అవి ఏకకాలంలో తిరగవు. ఒకచోట లేత్ మెషీన్ కొత్త రంగుతో మెరుస్తూ ఉంది, కానీ దాని మోటారుకు వైరు కలపనే లేదు. ఇనుప ముక్కను బిగించే చక్ మీద వేలు పెడితే కంపెనీలో పూసిన గ్రీజు అలాగే అంటింది. యంత్రం ఉన్నట్టు బిల్లు ఉంది, పిల్లల చేయి దాని మీద పడిన గుర్తు లేదు. తనిఖీ నియమాలు కఠినంగా ఉన్నాయని యాజమాన్యాలు నొచ్చుకోవడం నేను చాలాసార్లు విన్నాను. కానీ ఆ కాఠిన్యం లేకపోతే నష్టపోయేది ఆ జమ్మలమడుగు కుర్రవాడి వంటివాళ్లే కాబట్టి, ఈ ఒక్క విషయంలో మెతకదనం పనికిరాదని నా గట్టి నమ్మకం.

ఈ గుర్తింపు ఎవరు ఇస్తారన్నది చాలామందికి తికమకగా ఉంటుంది. శ్రామికులకు వృత్తి, సాంకేతిక శిక్షణ అనేది రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉంది, అంటే కేంద్రానికీ రాష్ట్రానికీ ఇద్దరికీ చెందిన విషయం. 1950లో కేంద్రం క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ పేరుతో ఐటీఐలను మొదలుపెట్టింది. 1956లో వాటి రోజువారీ నిర్వహణ, 1969లో ఆర్థిక బాధ్యత కూడా రాష్ట్రాలకు అప్పగించింది. అప్పటినుంచి పని ఇలా పంచుకున్నారు. సిలబస్, పరీక్ష, దేశమంతటా చెల్లే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అఫిలియేషన్, అంటే మనం గుర్తింపు అంటున్నదాని మీద తుది నిర్ణయం కేంద్రానివి. కొత్త సంస్థ దరఖాస్తును పరిశీలించడం, తనిఖీ చేసి సిఫారసు పంపడం, అడ్మిషన్లు జరపడం, ప్రభుత్వ ఐటీఐలలో పోస్టులు మంజూరు చేసి జీతాలు ఇవ్వడం మన రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ పని. వృత్తి విద్యలోని అర్హతలన్నిటినీ నియంత్రించడానికి 2018లో ఒక జాతీయ మండలిని కూడా ఏర్పాటు చేశారు. కాబట్టి ‘రాష్ట్రం ఒప్పుకుంది, కేంద్రం నుంచి రేపో మాపో వస్తుంది’ అని ఎవరైనా చెబితే, ఆ యూనిట్‌కు ఇంకా గుర్తింపు రాలేదనే అర్థం చేసుకోవాలి.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ ఐటీఐలో జీతాలు, భవనం రాష్ట్ర బడ్జెట్ నుంచి నడుస్తాయి. యంత్రాలు పాతబడినప్పుడు వాటిని మార్చడానికి కేంద్రం అప్పుడప్పుడు ప్రత్యేక పథకాలు తెచ్చింది. 2007-08లో మొదలైన పథకంలో దేశంలోని 1,396 ప్రభుత్వ ఐటీఐలను ఎంచుకొని, ఒక్కొక్క దానికి 2.5 కోట్ల రూపాయలు వడ్డీలేని అప్పుగా ఇచ్చారు. ఆ డబ్బు ప్రిన్సిపల్ చేతికి కాక, పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షుడిగా, ప్రిన్సిపల్ కార్యదర్శిగా ఉండే యాజమాన్య కమిటీకి వెళ్లింది. 2025 అక్టోబరులో ప్రారంభించిన పీఎం సేతు పథకంలో ఇదే ఆలోచనను ఇంకా పెద్దది చేశారు. మొత్తం 60,000 కోట్ల రూపాయలలో 30,000 కోట్లు కేంద్రం, 20,000 కోట్లు రాష్ట్రాలు, 10,000 కోట్లు పరిశ్రమలు భరించాలని నిర్ణయించి, దేశంలో 1,000 ప్రభుత్వ ఐటీఐలను బాగుచేయాలని తలపెట్టారు. 200 పెద్ద ఐటీఐలు కేంద్రాలుగా ఉండి, వాటి చుట్టూ 800 ఐటీఐలు అనుబంధంగా పనిచేయాలన్నది పథకం ఏర్పాటు.

ఇంత డబ్బు వచ్చినప్పుడు యంత్రాలు వస్తాయి, గోడలకు రంగులు పడతాయి. నన్ను ఎప్పుడూ కలవరపెట్టింది వేరే పద్దు. వెల్డింగ్ నేర్చుకునే పిల్లవాడికి ఎలక్ట్రోడ్లు కావాలి, ఫిట్టర్‌కు ఇనుప పట్టీలు కావాలి, ఎలక్ట్రీషియన్‌కు వైరు, స్విచ్చులు కావాలి. ఇవి ఒకసారి వాడితే అయిపోయేవి. వీటి డబ్బు మూడు నెలలు ఆలస్యమైతే, కోట్ల యంత్రం పక్కనే ఉన్నా పిల్లలు ఊరికే నిలబడి చూస్తారు. వెల్డింగ్ చూస్తే రాదు, ఎలక్ట్రోడ్లు కాల్చితేనే వస్తుంది. బోధకుడి పోస్టు ఖాళీగా ఉన్నా అదే పరిస్థితి. నిధుల గురించి మాట్లాడే పెద్దలు యంత్రాల పద్దుతో సమానంగా ముడిసరుకు పద్దునూ, బోధకుల భర్తీనీ చూడాలని ఈ సందర్భంగా కోరుకుంటున్నాను.

పిల్లల ఖర్చు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2020లో మన రాష్ట్రంలో ప్రారంభమైన వసతి సాయంలో ఐటీఐ విద్యార్థికి ఏడాదికి 10,000 రూపాయలు, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000, డిగ్రీ ఆపై చదువులకు 20,000 అని నిర్ణయించారు. సాయం మంచిదే, ఎందరో పిల్లలకు ఆసరా అయింది. కానీ హాస్టల్‌లో అన్నం ఖరీదు ఏ చదువు చదివేవాడికైనా ఒకటే కదా. పైగా వర్క్‌షాపులో పగలంతా నిలబడి పనిచేసే పిల్లవాడి ఆకలి తక్కువేమీ కాదు.

చేరిన తరువాత నియమాలు పిల్లవాడి మీదికి వస్తాయి. హాజరు 80 శాతం లేకపోతే పరీక్షకు అనుమతించరు. ప్రాక్టికల్స్‌లో ఉత్తీర్ణతకు 60 శాతం మార్కులు రావాలి. కొందరు తల్లిదండ్రులు వేరుశనగ పీకే రోజుల్లో పిల్లల్ని ఇంటికి పిలిపించుకుంటారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, అయినా ఆ పదిహేను రోజులు తరువాత లెక్కలో ఎంత భారమవుతాయో ముందే ఆలోచించుకోమని మనవి.

ఐటీఐ కాకుండా మరో రెండు దారులున్నాయి. ఒకటి ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదవ తరగతి నుంచి నేర్పే వృత్తి విద్య, ఇది సమగ్ర శిక్షా అనే పాఠశాల విద్యా పథకం కింద నడుస్తుంది, ఖర్చులో 60 పాళ్లు కేంద్రానివి, 40 పాళ్లు రాష్ట్రానివి. రెండవది ఇంటర్మీడియట్ బోర్డు నడిపే ఒకేషనల్ కోర్సులు. వీటిలో చేరితే పైచదువులకు దారి మూసుకుపోతుందని ఒక అపోహ ఉంది. పైచదువుకు కావలసిన మిగతా పాఠాలు నేర్పే బ్రిడ్జి కోర్సు పరీక్ష రాసినవాళ్లు ఇంటర్ తరువాత పైచదువులకు వెళ్లవచ్చు. ఐటీఐ పూర్తిచేసినవాళ్లు కూడా బ్రిడ్జి కోర్సు చేసి, ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలో చేరవచ్చు.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక అప్రెంటిస్‌షిప్, అంటే ఒక సంస్థలో పనిచేస్తూ పని నేర్చుకునే శిక్షణ, ఉంటుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం, 30 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బంది సంఖ్యలో కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని అదే నియమాలు చెప్పాయి. ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాల నుంచి పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీ దాకా ఈ చట్టం అందరికీ ఒకటే. ‘నేర్చుకోవడానికి వచ్చావు, జీతమెందుకు’ అని ఎవరైనా అంటే, అడిగే హక్కు చట్టం మీ పిల్లవాడికి ఇచ్చింది.

ఇక్కడ మన ప్రాంతం గురించి నా మనసులో మాట ఒకటి చెప్పాలి. బేతంచెర్లలో, తాడిపత్రిలో నాపరాయి పాలిష్ యంత్రాల మీద వేలమంది బతుకుతున్నారు. జాతీయ ట్రేడుల జాబితాలో రాతి గనుల యంత్రాల ఆపరేటర్, రాయిని కోసి పాలిష్ చేసే యంత్రాల ఆపరేటర్ అనే ట్రేడులు ఉన్నాయి. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది, సోలార్ టెక్నీషియన్ అనే ట్రేడూ ఆ జాబితాలో ఉంది. అయినా కొత్త యూనిట్ కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు యాజమాన్యాలు ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ అనే రాస్తాయి, ఎందుకంటే తల్లిదండ్రులు అడిగేవి అవే. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పనికి కావలసిన చదువేదో అడ్మిషన్లకు ముందే జిల్లా స్థాయిలో కూర్చొని తేల్చి, ఆ ప్రకారం యూనిట్లకు సిఫారసు చేస్తే, దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకొని అలవాటుగా పనిచేసేవాళ్ల పిల్లలు, యంత్రం సంగతీ, ఆ దుమ్ము నుంచి ఊపిరితిత్తులను కాపాడుకునే సంగతీ తెలిసి పనిలోకి వెళ్తారు.

చివరగా, ఈ సంవత్సరం పిల్లల్ని చేర్చబోయేవాళ్లు చేయవలసిన పని చెబుతాను. సంస్థ కార్యాలయంలో అఫిలియేషన్ ఉత్తర్వు చూపించమని అడగండి. అందులో ట్రేడు పేరు, షిఫ్టు, యూనిట్ల సంఖ్య చదవండి, చదవడం రాకపోతే తెలిసినవాళ్లను వెంటబెట్టుకు వెళ్లండి. ఆ యూనిట్‌లో ఇప్పటికి ఎంతమంది చేరారో, మీ పిల్లవాడు ఎన్నోవాడో అడగండి. వర్క్‌షాపులోకి వెళ్లి ఒక యంత్రం ఆడించి చూపించమనండి. అనుమానం వస్తే, జిల్లా అడ్మిషన్ల కన్వీనర్‌గా ఉండే ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపల్ కార్యాలయంలో ఆ సంస్థ పేరు చెప్పి అడగండి, అందుకు రుసుమేమీ ఉండదు. ఈ వివరాలు తేలేదాకా ఫీజు కట్టవద్దు, పదవ తరగతి అసలు మార్కుల పత్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వవద్దు. ఆ జమ్మలమడుగు కుర్రవాడు ఇంకోచోట చేరడానికి మరో ఏడాది ఆగవలసి వచ్చింది ఆ పత్రం వెనక్కి రాకపోవడం వల్లనే.

నమస్కారం.