బ్యారన్ పొయ్యి దగ్గరే అసలు లెక్క

అందరికీ నమస్కారం. విశాఖలో మాట్లాడుతున్నాం కాబట్టి పక్కనే ఉన్న అనకాపల్లి బెల్లంతో మొదలుపెడతాను. చెరకు ఆడగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. బెల్లానికి వంటచెరకు చెరకే! వర్జీనియా పొగాకుకు ఆ వెసులుబాటు లేదు. జంగారెడ్డిగూడెం వైపు చూసినా, ప్రకాశం జిల్లాలో చూసినా పచ్చాకును వేడితో ఆరబెట్టే గదికి, అంటే బ్యారన్‌కు, కట్టె బయటి నుంచి రావలసిందే. పొగాకు కొనే కంపెనీ రైతుకు సుస్థిర సేద్యం నేర్పుతానంటే, ముందు ఆ పొయ్యి దగ్గర కూర్చోవాలి.

పచ్చాకులో 80 నుంచి 85 శాతం నీరే. ఆరేడు కిలోల పచ్చాకు నుంచి కిలో ఎండు ఆకు వస్తుంది, అంటే ఐదారు కిలోల నీరు ఆవిరి కావాలి. లెక్క ప్రకారం దానికి కిలో ఎండు కట్టె వేడి ఇంచుమించు సరిపోతుంది. పాత బ్యారన్ తినేది నాలుగైదు కిలోలు. మిగతాదంతా పైకప్పు గుండా, తలుపు సందుల్లోంచి, చిమ్నీలోంచి పోతోంది.

కాబట్టి పైకప్పు కింద వరిగడ్డి గానీ గ్లాస్‌వూల్ గానీ పరిచి వేడిని ఆపాలి. పచ్చి కట్టెలో సగానికి సగం నీరుంటుంది, ముందు దాన్ని మరిగించాకే ఆకుకు వేడి. సీజన్‌కు నాలుగైదు నెలల ముందే కొని, చీల్చి, వాన తగలకుండా పేర్చాలి. పొయ్యి వేడిని లోపలికి మోసే గొట్టాల్లో మసి పేరుకుంటే వేడి బ్యారన్‌లోకి దిగదు. గొట్టం పగిలితే పొగ ఆకుకు పట్టి ధర పడిపోతుంది. జీడిపిక్కల పెంకు బాగా మండుతుంది గానీ దానిలోని నూనె వల్ల పొగ చిక్కగా వస్తుంది, గొట్టాల అతుకులు సరిగా లేనిచోట దాని జోలికి పోవద్దు.

క్యూరింగ్‌లో, అంటే ఆకును బ్యారన్‌లో పెట్టి ఆరబెట్టేటప్పుడు, అది పసుపు తిరిగేవరకు 32–38 డిగ్రీలు దాటనివ్వకూడదు. తొందరపడి మంట పెంచితే పచ్చదనం అలాగే ఉండిపోతుంది. తర్వాత మెల్లగా 55కు తీసుకెళ్లి ఆకు ఆరబెట్టాలి. గాలి కిటికీలు ఇక్కడ తెరవకపోతే తేమ నిలిచి ఆకు గోధుమ రంగుకు మారుతుంది. చివర ఈనె ఎండేటప్పుడు 70 దాకా. కట్టె ఎక్కువ దండగయ్యేది ఇక్కడే, ఎందుకంటే కిటికీలు మూయడం మరిచిపోతారు. లావుపాటి ఆకును తీసి తొడిమ దగ్గర ఈనె వంచండి. టక్కున విరిగితే మంట ఆపేయవచ్చు, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే.

ఇక కట్టె కోసం పెంచమని పంచే మొక్కలు. ఎన్ని మొక్కలు పంచారన్నది ఫొటోకు బాగుంటుంది. రెండో వేసవి దాటి బతికినవెన్ని అన్నదే నా ప్రశ్న. సరుగుడు, జామాయిలు కోతకు రావడానికి నాలుగైదేళ్లు కావాలి. బ్యారన్‌లో ఏడాదికి 3,000 కిలోల ఆకు తీసే రైతు, కిలోకు ఒక కిలో కట్టె తగ్గిస్తే ఈ ఏడే మూడు టన్నులు మిగిలినట్టు.

పొలంలో రెండు మాటలే. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు వేయొద్దు, అందులోని క్లోరైడ్ ఆకులో చేరితే సరిగా కాలదు. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. చేను చుట్టూ ఆముదం వేస్తే లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు దానిమీదే గుడ్లు పెడుతుంది, కానీ ఆకు తిప్పి చూసి గుడ్ల సముదాయాలను ఏరి నాశనం చేయకపోతే ఆ ఆముదమే పురుగుకు పుట్టిల్లవుతుంది.

మంచుకు తడిసిన ఆకును వట్టి చేతులతో తెంపితే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. వాంతులు, తలతిప్పుడు వస్తాయి. చేతితొడుగులు ఇవ్వాలి, పిల్లల్ని ఆ పనికి రానివ్వకూడదు.

ఒకటి దాచకూడదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్‌ను విశాఖ వైద్యులే పరిశోధించారు. కట్టె తగ్గినంత మాత్రాన పొగాకు హాని తగ్గదు. కట్టె ఆదా అడవికి మేలు, రైతు ఖర్చుకు మేలు, అంతవరకే.

క్షేత్ర సిబ్బందికి నేనిచ్చే పని చిన్నది. ప్రతి బ్యారన్ దగ్గర ఒక కాటా పెట్టించండి. వేసిన కట్టె బరువు, దిగిన ఆకు బరువు తలుపు మీద సుద్దముక్కతో రాయించండి.