కావా వేరు వెనుక ఉన్న కాయకష్టం

సభకు నమస్కారం.

పసిఫిక్ దీవుల పంటలపై మాట్లాడమని నాకిచ్చిన ఈ సమయాన్ని ఒక్క పనికే కేటాయిస్తున్నాను. అది ఫిజీ కొండవాలుల్లో, పొడి చేసి పానీయంగా తాగే కావా వేరును తవ్వి, కడిగి, ఎండబెట్టే పని. అక్కడ యంగోనా అని పిలిచే ఈ మొక్క మన తమలపాకు తీగకూ మిరియాల తీగకూ దగ్గరి చుట్టం. ఉబ్బిన కణుపులున్న కాండం చూడగానే ఆ పోలిక తెలిసిపోతుంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ అనే కూలి ఒప్పందంపై ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి ఇళ్లలో ఈ పానీయం నేటికీ మామూలే. తాగే మర్యాదల గురించి చెప్పుకునేంతగా తవ్వే చేతుల గురించి ఎవరూ చెప్పుకోరు.

కావాకు విత్తనం పట్టదు. కాండాన్ని కణుపుల దగ్గర ముక్కలుగా కోసి నాటి, మూడు నుంచి అయిదేళ్లు వేచి ఉండాలి. తవ్వేనాడు ముందుగా కాండాలు కొట్టి, తిరిగి నాటడానికి పనికొచ్చేవి నీడలో పక్కన పెడతారు. ఆ తర్వాత మొదలు చుట్టూ గునపంతో మట్టి వదులు చేస్తూ, వేరు ఎటు పాకిందో చేత్తో తడిమి చూసుకుంటూ లోపలికి వెళతారు. పక్కవేర్లను వాకా అని, మొదలు దుంపను లెవేనా అని అంటారు. ఎక్కువ ధర పలికేది వాకాయే కనుక తెగి మట్టిలో ఉండిపోయిన ప్రతి వేరూ రైతుకు నష్టమే. తోటలు చాలావరకు ఏటవాలు నేలల్లో, బండి వెళ్లే దారికి దూరంగా ఉంటాయి. అందువల్ల యంత్రానికి అక్కడ పెద్దగా పని లేదు; మట్టి అంటిన మొద్దులను భుజాన మోసుకునే కిందికి దించాలి.

నా దృష్టిలో అందరూ చిన్నచూపు చూసే పని కడగడం. మొద్దు మడతల్లో, వేర్లు విడిపోయే సందుల్లో బంకమట్టి గట్టిగా ఇరుక్కుని ఉంటుంది. నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్క సందునూ బ్రష్షుతో తోమితే గాని అది వదలదు. కావాను పొడి చేసి చన్నీళ్లలో పిసికి వడకట్టి తాగుతారు తప్ప కాచరు. కాబట్టి ఇక్కడ వదిలేసిన మట్టి గాని, క్రిములు గాని నేరుగా గిన్నెలోకి చేరతాయి.

కడిగిన దుంపను చెక్కు తీసి ముక్కలు కోస్తారు. వేర్లను మాత్రం పొడవుగానే ఉంచుతారు. పచ్చివేరు బరువులో అధికభాగం నీరే కాబట్టి, నాలుగైదు కిలోలు ఎండితే ఒక కిలో మిగులుతుంది. మన పసుపు రైతు కళ్లంలో పడే ఆరాటమే ఇక్కడా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే తవేయునీ, కడావు వంటి దీవుల్లో వాన ఎప్పుడు కురుస్తుందో చెప్పలేం. రేకుల మీదో, ఎత్తైన మంచెల మీదో పరచి, తిరగేస్తూ, మబ్బు పట్టగానే కప్పుతూ, రోజుల తరబడి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. లోపల తడి మిగిలిన ముక్కకు బూజు పడితే అయిదేళ్ల పంట చేజారినట్టే. అందుకే గాలి ఆడే ప్లాస్టిక్ కప్పు కింద ఆరబెట్టే వసతి ప్రతి ఊరికీ అందాలని గట్టిగా కోరేవారిలో నేనూ ఒకణ్ణి.

2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను కోరో, తవేయునీ దీవుల తోటలను దెబ్బతీసినప్పుడు ఈ పని ఎంత కఠినమో స్పష్టంగా తెలిసింది. గాలికి ఊగి మొదలు కదిలిన మొక్క త్వరలోనే కుళ్లిపోతుంది. అందువల్ల ఇల్లు కూలిన రైతు కూడా ముదరని వేర్లను ముందు తవ్వుకోవలసి వచ్చింది. ఎండబెట్టడానికి చోటు లేదు, తిరిగి నాటడానికి కాండం ముక్కలు కరువయ్యాయి. ఆ తర్వాత కావా ధర బాగా పెరిగింది. ఆ లాభం తోట నిలిచినవారికి దక్కింది. తోట పోయినవారు ముక్కలు సంపాదించి, నాటి, మళ్లీ మూడు నుంచి అయిదేళ్లు ఎదురుచూశారు.